ఆటల పీరియడ్‌లో ఫోన్‌కి ఎంత చోటు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: చిన్న తరగతుల ఆటల పీరియడ్‌లో పాత ఆటలు ఎలా ఆడించాలి, వాటితోపాటు ఫోన్, వీడియో, ట్యాబ్ వాడొచ్చా, వాడకూడదా. నేను ప్రాథమిక తరగతుల పిల్లల చేత ఆటలాడించే వ్యాయామ ఉపాధ్యాయురాలిని. ఫోన్‌కి వ్యతిరేకిని కాదు. నా సంచిలో విజిల్, సుద్దముక్కలు, తాళ్ళతోపాటు అదీ ఉంటుంది. అయితే ఏది వాడినా నేను చూసేది ఒకటే: దానివల్ల పిల్లలు కదిలే సమయం పెరిగిందా, తగ్గిందా. జవాబులు చదివేటప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకుంటే చాలు.

ప్రశ్న: నేను ప్రాథమిక పాఠశాలలో కొత్తగా చేరిన టీచర్‌ని. మూడో తరగతిలో 40 మంది పిల్లలు, 40 నిమిషాల ఆటల పీరియడ్. సంప్రదాయ ఆటలు ఆడించాలి, పాఠంలో డిజిటల్ మీడియా కూడా కనిపించాలి అంటున్నారు. వీడియో చూపించి, రూల్స్ చెప్పేసరికే సగం పీరియడ్ అయిపోతోంది. రెండూ ఎలా కుదురుతాయి మేడమ్?
— ఒక ఉపాధ్యాయుడు

జవాబు: కుదురుతాయి. ముందు ఒక పని చెయ్యండి. ఈ వారం పీరియడ్‌లో ఒక్క పిల్లనో పిల్లాడినో మనసులో ఎంచుకోండి. అందరికంటే చురుకైన వాళ్ళు వద్దు, ఎప్పుడూ మన కంట పడని మధ్యరకం వాళ్ళు కావాలి. ఆ పిల్ల కదిలినప్పుడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి, నిలబడిపోగానే ఆపండి, మళ్ళీ కదిలితే మళ్ళీ నొక్కండి. పీరియడ్ అయ్యాక వచ్చిన అంకె చూడండి. ఆటల పీరియడ్‌లో ఫోన్‌తో చేయాల్సిన మొదటి పని ఇదే అని నా అభిప్రాయం.

5 నుంచి 17 ఏళ్ళ వాళ్ళకి రోజుకి సగటున 60 నిమిషాలు బాగా ఒళ్ళు కదిలే పని ఉండాలని, వారానికి కనీసం 3 రోజులు ఎముకలకీ కండరాలకీ బలాన్నిచ్చే కదలికలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రపంచం మొత్తం మీద 11–17 ఏళ్ళ పిల్లల్లో 80 శాతానికి పైగా ఆ మాత్రం కూడా కదలడం లేదు. మన చేతిలో ఉన్నవి 40 నిమిషాలు. అందులో 20 నిమిషాలు తెర ముందు పోతే ఆ పిల్లలకి ఇంకెక్కడా తిరిగిరావు.

ఇక పాత ఆట కదా, అందరూ ఆడేస్తారులే అనుకోకండి. కోకోనే చూడండి. అసలు పద్ధతిలో ఆడిస్తే ఒక జట్టులో 8 మంది కూర్చుంటారు, ఒకరు తరుముతారు, ఎదుటి జట్టు నుంచి ముగ్గురు పరిగెడతారు. అంటే ఏ క్షణంలో చూసినా కదిలేది నలుగురే. 40 మంది తరగతిలో ఒకే కోర్టు గీసి కోకో ఆడిస్తే 36 మంది ప్రేక్షకులు. అలాగని కోకో మానెయ్యక్కర్లేదు. ఆరేసి మంది గుంపులు చెయ్యండి. నలుగురు కూర్చుంటారు, ఒకరు తరుముతారు, ఒకరు పరిగెడతారు. మిగిలిపోయిన వాళ్ళని తలో గుంపులో రెండో పరుగు మనిషిగా కలపండి. ‘ఖో’ వెంటవెంటనే పడుతుంది కాబట్టి ఎవరూ ఎక్కువసేపు కూర్చోరు. కోర్టు కొలతల గురించి ఈ వయసులో పట్టింపు వద్దు.

తొక్కుడుబిళ్ళ కూడా అంతే. ఒక్క గడి గీసి పిల్లల్ని వరుసలో నిలబెడితే 39 మంది ఎదురుచూపులే. ఇద్దరికొకటి చొప్పున 20 గడులు గీయించండి. గీసేది పిల్లలే, వంగి గీయడం కూడా కదలికే. ఒంటికాలి మీద గెంతడంలో చీలమండకి బలం వస్తుంది, ఒంటికాలి మీద నిలబడి వంగి బిళ్ళ తీసేటప్పుడు నడుము, కడుపు కండరాలు పనిచేస్తాయి. రెండో కాలితో కూడా ఆడించాలి. చెప్పకపోతే పిల్లలు అలవాటైన కాలినే వాడతారు.

వీడియో విషయానికి వస్తే, గ్రౌండ్‌కి వెళ్ళకముందే తరగతి గదిలో చూపించండి. ఎండలో ఫోన్ తెర నలుగురికి కూడా కనపడదు, 40 మంది మూగితే తోపులాట తప్ప మరేం ఉండదు. ఒక్క నిమిషం చాలు. మొదటిసారి ఊరికే చూడనివ్వండి. రెండోసారి శబ్దం ఆపేసి ఒక ప్రశ్న అడగండి: “గీత తొక్కకుండా ఆ అమ్మాయి కాలు ఎక్కడ పెడుతోంది?” అంతే, లేచి బయటికి. మిగతా రూల్స్ ఆడుతూ ఆడుతూ తెలుస్తాయి. పిల్లలకి రూల్ అర్థమయ్యేది దాన్ని ఒకసారి తప్పాకే.

వీడియో కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది చిన్న స్పీకర్. పాట మోగినంతసేపు ఆట, ఆగితే పక్క గడికి మారడం. గొంతు చించుకోవాల్సిన పని లేదు, మన కళ్ళు పిల్లల మీదే ఉంటాయి. డిజిటల్ ఏం వాడావు అని ఎవరైనా అడిగితే స్టాప్‌వాచ్, స్పీకర్, ఒక నిమిషం వీడియో అని ధైర్యంగా రాసివ్వండి. అవి చాలు.

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. కబడ్డీ వీడియోలు గంటలకొద్దీ చూస్తాడు. రూల్స్ అన్నీ కంఠతా చెప్తాడు. ఆడమంటే మాత్రం కదలడు. స్కూలు నుంచి కూడా వ్యాయామం హోంవర్క్ అంటూ వీడియో లింకులే వస్తున్నాయి. నాకు టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి

జవాబు: వాడికి తెలిసింది వృథా పోలేదమ్మా. కబడ్డీ మీద అంత ఇష్టం ఉన్న పిల్లాడు కదలకపోవడానికి ఎక్కువసార్లు బద్ధకం కారణం కాదు. తెర మీద కనిపించేవాళ్ళు ఆటలో ఆరితేరినవాళ్ళు. వాళ్ళని చూసీ చూసీ తన ఒళ్ళు తనకే చేతకానిదిగా అనిపిస్తుంది. నలుగురి ముందు పడిపోతానని భయం.

కాబట్టి ముందు నలుగురి ముందుకి పంపకండి. రెయిడ్‌కి 30 సెకన్లు కదా, మీ ఫోన్‌లో 30 సెకన్ల టైమర్ పెట్టండి. నేల మీద ఒక గీత గీసి మీరు అవతల నిలబడండి. వాడు ఊపిరి తియ్యకుండా ‘కబడ్డీ కబడ్డీ’ అంటూ వచ్చి మిమ్మల్ని తాకి వెనక్కి పోవాలి. పట్టుకోవడాలు వద్దు, తాకడం వరకే. ఆ తర్వాత తనకంటే చిన్నపిల్లల ఆటకి రిఫరీగా నిలబెట్టండి. గీత వెంట అటూ ఇటూ కదలకుండా రిఫరీ పని జరగదు. తనకి తెలిసిన రూల్స్‌కి విలువ దొరుకుతుంది. అక్కడి నుంచి ఆటలో దిగడానికి ఎంతో కాలం పట్టదు.

స్కూలుకి ఒక మాట రాయండి: ‘చూడండి’ అనే హోంవర్క్ బదులు ‘చేసి చెప్పండి’ అనే హోంవర్క్ ఇవ్వమని. ‘ఇంట్లో ఒకరితో కలిసి ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడ్డావో రాసుకురా’ అంటే దానికి లింకు అక్కర్లేదు.

ఇంకొకటి, కళ్ళ సంగతి. పిల్లల్లో దూరంలో ఉన్నవి మసకగా కనిపించడం ఎక్కువైపోయి తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లలు రోజుకి 120 నిమిషాలు ఆరుబయట గడిపేలా కార్యక్రమం పెట్టారు. ఆ తర్వాత ఏటేటా పెరుగుతూ వచ్చిన ఆ సమస్య అక్కడ తగ్గుముఖం పట్టింది. బయటి వెలుతురులో గడిపే సమయం కంటికి మేలు చేస్తుంది. అందుకే కబడ్డీ గదిలో కాకుండా బయట ఆడించండి.

ప్రశ్న: పిల్లల ఆటను వీడియో తీసి వాళ్ళకే చూపిస్తే బాగా నేర్చుకుంటారని శిక్షణలో చెప్పారు. నేను ఏడు పెంకులాట తీశాను. పిల్లలు తమని తాము చూసుకుని నవ్వుకోవడమే తప్ప ఆటలో మార్పు లేదు. ఎక్కడ తేడా జరిగింది?
— రెండో తరగతి ఉపాధ్యాయురాలు

జవాబు: మీరు ఆటంతా తీశారు. ఆటంతా తీస్తే కనిపించేది గందరగోళమే. ఒక్క కదలికను తియ్యాలి.

ఏడు పెంకులాటలో తియ్యదగ్గది బంతి విసరడం. ఆరేడేళ్ళ పిల్లలు విసిరేటప్పుడు దగ్గర నుంచి గమనించండి. కుడిచేత్తో విసిరే పిల్ల చాలాసార్లు కుడికాలే ముందుకు వేస్తుంది, లేదంటే రెండు పాదాలూ కదపకుండా నిలబడుతుంది. ఛాతీ పెంకుల వైపే తిరిగి ఉంటుంది. చెయ్యి భుజం వెనక్కి పోదు. మోచేతి దగ్గర నుంచి బంతిని ముందుకి తోస్తుంది. బంతి రెండడుగుల దూరంలో పడుతుంది. చేతిలో బలం లేదని మనం అనుకుంటాం. బలం ఉంది, ఒంట్లోంచి చేతిలోకి వచ్చే దారి లేదు. పక్కకి తిరిగి నిలబడి, ఎడమకాలు ముందుకు వేసి, నడుము తిప్పి, ఆఖరున చెయ్యి వదిలితే అదే పిల్ల విసిరిన బంతి గ్రౌండ్ అవతల పడుతుంది.

ఇది మామూలు కంటికి దొరకదు, విసురు అంత వేగంగా అయిపోతుంది. ఇక్కడే ఫోన్ నిజంగా పనికొస్తుంది. స్కూలు ఫోన్‌ని స్టాండ్ మీదో కుర్చీ మీదో నడుమెత్తున పెట్టండి. పిల్లకి ఎదురుగా కాదు, పక్క నుంచి, అయిదారు మీటర్ల దూరంలో, తల నుంచి పాదం దాకా కనపడేలా. స్లో మోషన్ పెట్టండి. చాలా ఫోన్లలో సెకనుకి 120 లేదా 240 బొమ్మలు తీసే వీలుంది. రెండు మూడు విసుర్లు చాలు.

చూపించేటప్పుడు ఏం మాట్లాడతామన్నదే ముఖ్యం. “చూడు, ఎలా విసిరావో” అంటే నవ్వు వస్తుంది, నేర్పు రాదు. చెయ్యి పైకి లేచిన చోట బొమ్మ ఆపి ఒక్క ప్రశ్న అడగండి: “ఏ కాలు ముందుంది?” ఆ పిల్లే చెప్పాలి, లేదా జతగాడు చెప్పాలి. మోచెయ్యి, నడుము, చూపు, ఇవేవీ ఆరోజు ఎత్తకండి. ఒకసారికి ఒకే మాట. నేల మీద సుద్దతో ఎడమపాదం బొమ్మ గీసి “విసిరేటప్పుడు ఇది తొక్కు” అనండి. ఎడమచేతి వాటం పిల్లలకి కుడిపాదం గీయాలి, అది మర్చిపోవద్దు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. గురి చూసి కొట్టమంటే చిన్నపిల్లలు ఒళ్ళు బిగించి, కదలిక తగ్గించుకుని, జాగ్రత్తగా తోస్తారు. గట్టిగా విసరమంటే ఒళ్ళంతా వాడతారు, విసురు దానంతటదే చక్కబడుతుంది. ఏడు పెంకులాట పూర్తిగా గురి ఆట. అందుకే మొదటి వారాల్లో పెంకులు పక్కన పెట్టి, గోడకేసి ఎంత గట్టిగా కొట్టగలరో కొట్టించండి. వీడియో ఆ దశలో తియ్యండి. ఆ తర్వాత పెంకులు పెద్దవి పేర్చి, దగ్గర నుంచి మొదలుపెట్టి, దూరం పెంచుకుంటూ పోవచ్చు. బంతి మెత్తనిదే ఉండాలి. ఈ ఆటలో బంతితో ఒకరినొకరు కొడతారు కాబట్టి భుజాల కిందికే అన్న రూల్ మొదటి రోజే పెట్టండి.

అందరినీ ఒకేసారి తియ్యాలని చూడకండి. నలుగురు ఫోన్ దగ్గర, మిగతావాళ్ళు ఆటలో. అయిదు నిమిషాలకోసారి మారతారు. ట్యాబ్ ఉంటే ఇంకా సులువు. కొన్ని యాప్‌లు కెమెరా ముందు జరిగింది పది పదిహేను సెకన్లు ఆలస్యంగా చూపిస్తాయి. పిల్ల విసిరి, నడుచుకుంటూ వచ్చి, తన విసురు తనే చూసుకుని, మళ్ళీ వరుసలోకి పోతుంది. మీరు తాకక్కర్లేదు. సాధారణంగా ఏదీ సేవ్ చేసే పని కూడా ఉండదు.

ప్రశ్న: ఒళ్ళు కదిలించి ఆడే వీడియో గేములు వచ్చాయి కదా, టీవీ ముందు నిలబడి టెన్నిస్, బాక్సింగ్ ఆడేవి. అవి ఆటల పీరియడ్‌కి సమానమేనా?
— ఒక తండ్రి

జవాబు: సమానం కాదు. 2007లో బ్రిటన్ పరిశోధకులు ఇలాంటి ఆటలు ఆడే కౌమార వయసు పిల్లల మీద కొలిచి చూశారు. కూర్చుని ఆడే వీడియో గేముల కంటే ఎక్కువ శక్తి ఖర్చయింది గానీ, అదే ఆటను నిజంగా ఆడినంత కాలేదు. నా దృష్టిలో శక్తి ఖర్చు కంటే పెద్ద లోటు వేరే ఉంది. తెర ముందు టెన్నిస్‌లో బంతికి బరువు లేదు, నేల మీద పడి ఎగరదు, గాలికి పక్కకు పోదు. ఎదుటి మనిషి కంటి చూపుని బట్టి అటు దూకుతాడా ఇటు దూకుతాడా అని ఊహించే పని లేదు. పిల్లలు నేర్చుకోవాల్సింది అదే.

అయినా పనికొచ్చే చోట్లు ఉన్నాయి. వాన రోజున గదిలో, అందరి ముందూ ఆడటానికి బిడియపడే పిల్లకి మొదటి మెట్టుగా, చక్రాల కుర్చీలో ఉండి చేతులతో ఆడగలిగే పిల్లలకి తోటివారితో పోటీగా. అక్కడ వాడండి.

కాళ్ళతో బాణాలు తొక్కుతూ ఆడే డాన్స్ గేములు జపాన్‌లో 1998 నుంచి ఉన్నాయి. నేల మీద సుద్దతో నాలుగు గడులు, నాలుగు బాణాలు గీసి, స్పీకర్‌లో తాళం పెట్టి, ఒకరు “ముందు, పక్క, వెనక” అని అరుస్తుంటే అదే ఆట 40 మంది ఒకేసారి ఆడొచ్చు. అరిచే వంతు కోసం పిల్లలు పోటీ పడతారు.

ప్రశ్న: అమ్మా, మా రోజుల్లో కోతికొమ్మచ్చి, నేల-బండ, కర్రాబిళ్ళ, బొంగరాలు అన్నీ ఆడాం. ఎవరూ వీడియో చూపించలేదు. ఇప్పుడు స్కూల్లో ఆ ఆటలు నేర్పాలంటే ఫోన్లు ఎందుకు? ఫోన్‌ని గేటు బయటే ఆపాలని నా అభిప్రాయం.
— ఒక తాతగారు

జవాబు: పెద్దవారు, మీ బాధ నాకు అర్థమైంది. పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకూడదన్నంత వరకు మీతోనే ఉన్నాను. పైన చెప్పినవన్నీ టీచర్ చేతిలోని ఒక్క ఫోన్ గురించే. కానీ ‘ఎవరూ వీడియో చూపించలేదు’ అన్నచోట ఒక మాట చెప్పనివ్వండి.

మీకు ఆ ఆటలు ఎవరు నేర్పారు? మాస్టారు కాదు, అమ్మానాన్నలూ కాదు. మీకంటే రెండు మూడేళ్ళు పెద్దపిల్లలు. వాళ్ళు ఆడుతుంటే మీరు అరుగు మీద కూర్చుని చూశారు, తర్వాత ‘అరటిపండు’గా చేర్చుకున్నారు, ఔటైనా లెక్కలేదు. అలా చూసీ చూసీ ఆట ఒంటబట్టింది. స్కూల్లో ఒక తరగతి పిల్లలందరిదీ ఒకే వయసు. చూసి నేర్చుకోవడానికి పైవాళ్ళు లేరు. పాత ఆటలు చేజారిపోవడానికి ఫోన్ ఒక్కటే కారణం కాదు, చిన్నా పెద్దా కలిసి ఆడుకునే చోటు పోవడం కూడా కారణం. వీడియో ఆ పెద్దపిల్లల స్థానంలో వచ్చింది. నిజానికి వీడియో కంటే మంచి దారి ఉంది. అయిదో తరగతి వాళ్ళని రెండో తరగతి పీరియడ్‌కి పంపి ఆట నేర్పించమనాలి. నేను ఎక్కువగా అదే చేస్తాను. అయిదో తరగతి వాళ్ళకి కూడా ఆట రానప్పుడే వీడియో అవసరం పడుతుంది.

అక్కడే మీ సాయం కావాలి. ఇంటర్నెట్‌లో దొరికే వీడియోల్లో ఆట పైపైన ఉంటుంది. మీరు బొంగరానికి తాడు చుట్టే తీరు, విసిరి చివరి క్షణంలో మణికట్టు వెనక్కి లాగే తీరు మనవరాలి చేత ఫోన్‌లో తీయించండి. ముఖం అక్కర్లేదు, చేతులు కనపడితే చాలు. “తాడు ఇక్కడ బిగుతుగా ఉండాలి” అని మీ నోటితోనే చెప్పండి. ఒకే ఆటకి ఇంటింటికీ రూల్ మారుతుంది. ఎవరి రూల్ ఒప్పో తేల్చక్కర్లేదు. అన్నీ చూపించి తరగతినే ఎంచుకోమనొచ్చు. ఇలా పోగుచేసుకున్న స్కూలుకి కొన్నేళ్ళలో సొంత ఆటల భాండాగారమే తయారవుతుంది.

రెండు విషయాల్లో మాత్రం పాత పద్ధతిని నేను మార్చి తీరతాను. ఇది ఆడపిల్లల ఆట, ఇది మగపిల్లల ఆట అనే విభజన స్కూల్లో ఉండదు. తొక్కుడుబిళ్ళ మగపిల్లలూ ఆడతారు, బొంగరం ఆడపిల్లలూ తిప్పుతారు. ఇక కర్రాబిళ్ళ. గాల్లోకి లేచిన చెక్క బిళ్ళ కంట్లో తగిలితే ఆ చూపు మళ్ళీ రాకపోవచ్చు. 40 మంది ఉన్న గ్రౌండ్‌లో చెక్క బిళ్ళతో ఆడించను. గుడ్డ చుట్టిన మెత్తని బిళ్ళతో, కొట్టేవాడి ముందు ఎవరూ లేకుండా ఖాళీ ఉంచి, ఒక్కో గుంపుకి ఆడిస్తాను.

అష్టాచెమ్మా, పులిజూదం, వామనగుంటలు కూడా నేర్పమని మరికొందరు పెద్దలు రాశారు. చక్కటి ఆటలు, లెక్కకీ ఎత్తుగడకీ పదును పెడతాయి. కానీ అవి కూర్చుని ఆడేవి. విరామ సమయంలో పెట్టుకోవాలి, కదిలే పీరియడ్‌లో కాదు.

ప్రశ్న: మా పాప ఏ ఆటలోనైనా అందరికంటే ముందు ఔటవుతుంది. ఈమధ్య స్కూల్లో చేతికి కట్టుకునే బ్యాండ్లు ఇచ్చి, ఎవరు ఎన్ని అడుగులు వేశారో క్లాసు గ్రూపులో పట్టిక పెడుతున్నారు. మా పాప పేరు ఎప్పుడూ ఆఖరునే. ఆటల పీరియడ్ ఉన్న రోజు కడుపునొప్పి అంటోంది.
— ఒక తల్లి

జవాబు: ఆ కడుపునొప్పి నిజమైనదే అనుకోండి, నటన అని మాత్రం అనకండి. ఆ పట్టిక తీసేయమని టీచర్‌గారిని నేరుగా అడగండి. మర్యాదగానే, కానీ గట్టిగా. ఎనిమిదేళ్ళ పిల్ల పేరు వారం వారం ఆఖరున రాసి అందరి ఇళ్ళకీ పంపడం వల్ల ఏ పిల్లా పరుగు నేర్చుకోదు.

పైగా ఆ అంకె కూడా అంత నమ్మదగ్గది కాదు. చేతి బ్యాండ్ చాలావరకు చేతి ఊపుని బట్టి లెక్కేస్తుంది. కూర్చుని చెయ్యి ఊపినా అడుగులు పెరుగుతాయి, పిల్లలు ఆ సంగతి మొదటి రోజే కనిపెడతారు. తాడు లాగుడులో ఒళ్ళంతా బిగబట్టి చెమటలు కక్కిన పిల్లకి అడుగులు దాదాపు సున్నా. బ్యాండ్ ఉంచాలనుకుంటే తన నిన్నటి అంకెతో తన ఈరోజు అంకె పోల్చుకోవడానికే, అదీ తను ఒక్కతే చూసుకునేలా ఉంచాలి. బ్యాండ్ లేకపోయినా నష్టం లేదు. మెడ పక్కన రెండు వేళ్ళు పెట్టి 15 సెకన్లు నాడి లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం మూడో తరగతి వాళ్ళు బాగా చేస్తారు. ఆటకి ముందు, ఆట తర్వాత. గుండె ఎందుకు వేగంగా కొట్టుకుంటోందో అడిగితే అదే పాఠం. లెక్కల పీరియడ్‌కి కూడా పనికొస్తుంది.

ఇక ఔటవడం సంగతి. ఔటైన వాళ్ళు పక్కన కూర్చోవాలన్న రూల్ చాలా పాత ఆటల్లో ఉంది, దాన్ని స్కూల్లో అలాగే ఉంచితే ఎవరికి అభ్యాసం ఎక్కువ కావాలో వాళ్ళే అందరికంటే తక్కువ ఆడతారు. ఇది మార్చడం చాలా తేలిక. ఔటైన వాళ్ళు గ్రౌండ్ అంచున అయిదు కప్పగంతులు వేసి మళ్ళీ ఆటలోకి రావచ్చు. లేదా ఎవరు ఔట్ చేశారో వాళ్ళ జట్టులో కలిసిపోవచ్చు. నేల-బండలో దొంగ దొరికాక ఒక్కడే ఉండక్కర్లేదు, ఇద్దరు ముగ్గురు దొంగలుంటే ఎవరూ ఒంటరిగా తరుముతూ ఏడవాల్సిన పని ఉండదు. ఈ పేరా కత్తిరించి టీచర్‌గారికి ఇవ్వండి. చాలామంది టీచర్లకి మంచి మనసే ఉంటుంది, 40 మందిని సంభాళించే హడావిడిలో ఈ వైపు చూపు పోదు.

ప్రశ్న: ఆటల వీడియోలు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం. కొందరు సంతోషిస్తున్నారు, ఇద్దరు అభ్యంతరం చెప్పారు. మార్కులకి కూడా వీడియోలే ఆధారంగా తీసుకోవచ్చా?
— ఒక ప్రధానోపాధ్యాయురాలు

జవాబు: ఆ ఇద్దరు చెప్పింది సరైన మాట. నేర్పడం కోసం తీసిన వీడియో ఆ పిల్లకి, టీచర్‌కి మధ్యే ఉండాలి. పని అవగానే తుడిచేయాలి. తల్లిదండ్రుల దగ్గర ముందుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, వద్దన్న వాళ్ళ పిల్లలని ఆట నుంచి తప్పించకుండా కెమెరా నుంచి మాత్రమే తప్పించండి. తీసేది స్కూలు పరికరంతోనే, టీచర్ సొంత ఫోన్‌తో కాదు. గ్రూపులో ఏదైనా పెట్టాలనిపిస్తే పిల్లలు గీసిన గడుల ఫొటో పెట్టండి.

మార్కులకి ఒక్క వీడియో ఆధారం కాదు. పిల్లలు కెమెరా ముందు బిగుసుకుపోతారు. ఏడాది మొదట్లో ఎలా విసిరిందో, చివర్లో ఎలా విసిరిందో పక్కపక్కన పెట్టి చూడటానికి మాత్రం బాగుంటుంది. అందుకోసం దాచేవాటికి విడిగా అనుమతి అడగండి. ఎవరు గెలిచారన్నది మార్కుల్లోకి రానివ్వద్దు.

ప్రశ్న: టీచర్‌గారూ, నాకు తాడాట రావడం లేదు. తాడు ఎప్పుడూ కాళ్ళకి తగిలి ఆగిపోతుంది. యూట్యూబ్ చూశాను. అయినా రావట్లేదు.
— మూడో తరగతి అమ్మాయి

జవాబు: వస్తుంది బంగారూ. వీడియోలో అక్క గబగబా గెంతేస్తోంది కదా, నువ్వు ముందు అంత జోరుగా చెయ్యకు. తాడుని సగానికి మడిచి రెండు కొనలూ ఒకే చేత్తో పట్టుకో. నీ పక్కన గుండ్రంగా తిప్పు. నేలకి ‘టప్’మని తగిలినప్పుడల్లా గెంతు. తాడు కాళ్ళ కింద లేదు కాబట్టి తగలదు. టప్, గెంతు, టప్, గెంతు అని నీ చెవికి అలవాటు కావాలి. రెండో చేత్తో కూడా తిప్పి చూడు.

అది వచ్చాక తాడుని మామూలుగా పట్టుకుని వెనక నుంచి ముందుకి ఒక్కసారి వెయ్యి. కాలివేళ్ళ ముందు ఆగనివ్వు. అప్పుడు దాటు. మళ్ళీ వెయ్యి, ఆగనివ్వు, దాటు. తర్వాత ఆగకుండా ఒకటి, ఆ తర్వాత రెండు. ఎత్తుగా గెంతక్కర్లేదు, తాడు మందం కంటే కాస్త ఎక్కువ లేస్తే చాలు. చేతులు భుజాల నుంచి కాకుండా మణికట్టు దగ్గర తిప్పు, మోచేతులు ఒంటికి దగ్గరగా.

అప్పటికీ తగులుతుంటే అమ్మని ఒకసారి స్లో మోషన్‌లో తీయమను. తాడు తల మీద ఉన్నప్పుడు నీ కాళ్ళు ఎక్కడున్నాయో చూడు. గాల్లో ఉంటే ముందే గెంతేస్తున్నావన్నమాట, చాలామంది పిల్లలు అలాగే చేస్తారు. తాడు కళ్ళ ముందుకి వచ్చేదాకా ఆగి గెంతు. ఇదంతా చేసే ముందు తాడు పొడవు చూసుకో. మధ్యలో కాలితో తొక్కిపట్టి రెండు కొనలూ పైకి లాగితే నీ చంకల దాకా రావాలి. అంతకంటే పొడుగ్గా ఉంటే పిడి దగ్గర ముడి వేయించు.